వంకాయల జట్టు, ముప్పై ఎనిమిదో నియమం

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు పెద్దలు. నేను గొయ్యి తీయడమే కాదు, దాని పొడవు వెడల్పులు కొలిచి, కాగితం మీద టైపు చేసి, హాస్టల్ నోటీసు బోర్డుకు నాలుగు పిన్నులతో గుచ్చి మరీ పడ్డాను. అదీ ఒకే పొద్దున రెండుసార్లు. మొదటిసారి పడ్డప్పుడు వాయిద్యం కూడా ఉంది, బకెట్ మీద.

నవ్వదలచినవారు నవ్వవచ్చు. మా హాస్టల్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు. మీరొకరు కలిస్తే నాకు కొత్తగా పోయే పరువేమీ లేదు.

నేను ఎం.టెక్. చదువుతున్నాను. తార్నాక చౌరస్తా దగ్గర బస్సు దిగి క్యాంపస్‌లోకి నడిస్తే మా హాస్టల్. వీడియోలో ఎగిరే బంతిని కంప్యూటర్ చేత వెంటాడించడం నా ప్రాజెక్టు. క్రికెట్ బంతితో చేస్తానంటే, "అది అందరూ చేసిందేనయ్యా" అని మా గైడు సారు కెనడావాళ్ల ఫుట్‌బాల్ వీడియోలు ఒక పెన్‌డ్రైవ్ నిండా నింపి ఇచ్చారు. పేరు ఫుట్‌బాలే గానీ కాళ్లతో తన్నేది తక్కువ. కోడిగుడ్డును రెండు కొసలా పట్టి సాగదీసినట్టుండే బంతిని చంకలో ఇరికించుకుని, జనరల్ పెట్టెలో సీటు కోసం ఉరికే ప్రయాణికుల్లా ఉరుకుతారు. అవతలివాళ్లు మీదపడి కింద పడేస్తారు. పది గజాలు ముందుకు పోవడానికి మూడే ప్రయత్నాలు. అమెరికావాళ్ల ఆటలో నాలుగుంటాయి, వీళ్లకు ఆ సుఖం లేదు. రెండు ప్రయత్నాల్లో పని కాకపోతే మూడోసారికి చాలా జట్లు ఆశ వదులుకుని, బంతిని దూరంగా తన్నేసి అవతలివాళ్లకు అప్పగించేస్తాయి.

ఆ వీడియోల్లో వంకాయ రంగు చొక్కాల జట్టు ఒకటి ఉంది. పేరు చెప్పను, వాళ్ల కష్టాలు వాళ్లకు చాలు. నాకిచ్చిన ఆరు మ్యాచ్‌ల్లో అయిదు ఓడారు. కానీ మూడో ప్రయత్నంలో అందరిలా బంతి తన్నేసి చేతులు దులుపుకోరు. తల ముందుకు పెట్టి గోడలోకి దూకినట్టు దూకుతారు. ఎక్కువసార్లు గోడే గెలుస్తుంది. అయినా మళ్లీ దూకుతారు. నాలుగు నెలలకు ప్రాజెక్టు పూర్తయింది, కంప్యూటర్ బంతిని వెంటాడటం నేర్చుకుంది. నేను మాత్రం ఆ జట్టును వెంటాడటం మానలేకపోయాను.

అక్కడ శుక్రవారం సాయంత్రం మ్యాచ్ అంటే ఇక్కడ శనివారం తెల్లారి అయిదున్నర. ఫోన్‌లో చూస్తే బంతి ఆవగింజలా కనిపిస్తుంది. అందుకని కామన్ రూములో ఉన్న పెద్ద టీవీ మీద కన్నేశాను. ఆ టీవీకి ఒక రిజిస్టర్ ఉంది. ఏ పూటైనా టీవీ కావాలంటే పది మంది సంతకాలు ఉండాలి.

మా రూమ్మేట్ డేవిడ్ దగ్గరికి వెళ్లాను. "నీ వంకాయల కోసం సంతకం పెడత గని, నిద్రలేవమని మాత్రం అడగకురా" అన్నాడు దుప్పట్లోంచి చెయ్యి బయటపెట్టి. అలా పది చేతులు పది దుప్పట్లలోంచి బయటికొచ్చి సంతకాలు చేశాయి. మ్యాచ్‌కు వచ్చింది ముగ్గురు.

జనానికి ఆట అర్థంకాకే రావడంలేదని నేను నిర్ధారించాను. సమస్య ఉంటే జాబితా రాయడం నా జబ్బు. నలభై ఏడు నియమాలు, వరస నంబర్లతో, రెండు పేజీల్లో తయారుచేశాను. పక్కనే తూర్పు దిక్కు, పడమటి దిక్కు అని రెండుగా విడదీసిన జట్ల పట్టిక వేలాడదీసి, ప్రతి వారం మార్కర్‌తో పాయింట్లు దిద్దేవాణ్ని. ఆ కాగితాల ముందు ఆగి చదివినవాడు ఒక్కడే. ఆయన వల్లే నా కొంప మునిగింది.

పేరు నర్సన్న. జనగామ అవతలి ఊరు. హాస్టల్లో అందరికంటే సీనియర్. గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాడు, రెండుసార్లు అయిపోయింది, మూడోది ముందుంది. నంబర్లు వేసిన వాక్యాలు ఎక్కడ కనిపించినా చదివి బట్టీ పట్టడం ఆయనకు ఊపిరి పీల్చడంతో సమానం. మెస్సులో అంటించిన 'చేతులు కడుగు విధానము' కూడా ఆరు అంశాలూ వరసగా అప్పజెప్పేవాడు. 

ఒకరోజు వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు.

"తమ్మీ, శనివారం పొద్దుగాల టీవీ మాకు గావాలె. కరెంట్ అఫైర్స్ క్లాసు లైవ్ వస్తది. ఎనిమిది మందిమి ఉన్నం, ఒక్క ఫోన్ల ఎనిమిది తలకాయలు పడ్తలేవు."

"అన్నా, సీజన్ మధ్యలో ఉంది..."

"గుంజుకుంటలేనే. నువ్వు గూడ పానం పెట్టి చూస్తున్నవ్. ఒక పని జేద్దాం. మీ వంకాయలు నాకౌట్‌కు పోతే టీవీ నీది. పోకపోతే ఇగ శనివారాలన్నీ మాకు రాసియ్యాలె. సరేనా?"

సరేనన్నాను. అనడమే కాదు, ఒప్పందం టైపు చేసి, ఇద్దరి సంతకాలూ పెట్టించి, రిజిస్టర్‌కు అంటించాను. దాని కింద 'ఆఖరి మ్యాచ్ గెలిస్తే లోపలికి, ఓడితే బయటికి' అని ఎర్ర ఇంకుతో రాసి రెండు గీతలు కూడా గీశాను. ఆ ఎర్ర గీతల సంగతి గుర్తుంచుకోండి.

అప్పట్నుంచి నర్సన్న కూడా ప్రతి శనివారం వచ్చి వెనక కుర్చీలో, పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. "ఏం చూస్తున్నరో నేను గూడ చూడాలె గద" అనేవాడు. మధ్యలో అనుమానాలు అడిగేవాడు.

"తమ్మీ, ముప్పై ఎనిమిదో నంబరు నిజమేనా? స్తంభాల నడుమ తన్నాల్సిన బాలు తప్పిపోయినా పాయింట్ ఇస్తరా?"

"ఇస్తారన్నా. మధ్యలోంచి పోతే మూడు. తప్పిపోయినా, స్తంభాల వెనక గీసిన గడిలో పడ్డ బంతిని అవతలివాడు బయటికి తేలేకపోతే ఒకటి."

"మంచిగుందిరా భై! మాకు రైటు పెట్టినా 'కీ' మారి మార్కు పోతది. వీళ్లకు తప్పు పెట్టినా మార్కొస్తది!"

ఆఖరి మ్యాచ్ రోజు వచ్చింది. కామన్ రూము నిండింది. ఆట కోసం కాదు, టీవీ ఎవరిదో తేలుతుందని. డేవిడ్ కూడా దుప్పటితో సహా వచ్చాడు. వంకాయలు ఎన్నడూ లేనట్టు ఆడారు. ఆఖరి నిమిషానికి ఇరవై నాలుగు, ఇరవై నాలుగు. సమానం. ఇంకా మూడే సెకన్లు. బంతి అవతలివాళ్ల చేతిలో. స్తంభాల మధ్యకు తన్నారా, మా పని అయిపోయినట్టే. 

తన్నాడు. బంతి లేచింది. నాలుగు నెలలు బంతి దారిని లెక్కగట్టినవాణ్ని, లేస్తుండగానే తెలిసిపోయింది నాకు. ఎడమకు పోతోంది. స్తంభానికి బారెడు దూరంగా పోయింది!

"తప్పింది! తప్పిందిరా! టైమైపోయింది! అదనపు ఆటలో మనదే!" అని టీవీ ముందుకు దూకాను.

"అరే, అడ్డం నిలబడకు!" ఎవరో అరిచారు.

"ఇంకేం చూస్తారు? అదనపు ఆటకు ముందు విరామం ఉంటుంది, చాయ్ తాగొద్దాం పదండి. వంకాయలు అదనపు ఆటలో ఈ ఏడాది ఓడిందే లేదు. గెలిచినట్టే!" అంటూ టీవీ ఆపేసి, కేబుల్ పీకి, ఎనిమిది మడతలు పెట్టి జేబులో వేసుకున్నాను. వాడనప్పుడు కేబుల్ చుట్టిపెట్టాలన్నది కూడా నేను రాసిన మరో జాబితాలోదే.

డేవిడ్ స్నానాలగది నుంచి బకెట్ తెచ్చి బోర్లించి వాయించడం మొదలుపెట్టాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు, ఆట తేలకముందే నా ఊరేగింపు బయల్దేరింది. గేటు దగ్గర యాదమ్మ చాయ్ బండి. యాదమ్మది మాణికేశ్వర్ నగర్. తెల్లవారక ముందే బండి తోసుకుని వచ్చేస్తుంది.

"ఏం గెలిచిన్రు బిడ్డా, ఎలక్షనా?"

"కెనడాలో, యాదమ్మక్కా! ఫుట్‌బాల్!"

"గంత దూరం పోయి గెలిచిన్రా! దా, అల్లం ఎక్కువేసిస్త."

నేను బండి పక్కనున్న రాయెక్కి ఉపన్యాసం అందుకున్నాను. ఓటమి గెలుపుకు మెట్టనీ, వంకాయ కూరలకు రాజనీ, నోటికొచ్చిందంతా అన్నాను. అప్పుడొచ్చాడు నర్సన్న, అందరికంటే ఆఖర్న, మెల్లగా.

"తమ్మీ, దిగకు. గాడ్నే నిలబడి చెప్పు. ముప్పై ఎనిమిదో నంబరు ఏంది?"

వైవాలో అడిగినట్టు అడిగాడు. నాకు ఉత్సాహం ఆగలేదు. నా జాబితా నాకు రాదా! గొంతెత్తి మొదలుపెట్టాను. "తన్నిన బంతి స్తంభాల మధ్యకు పోకున్నా, వెనకున్న గడిలో పడి, అవతలి జట్టువాడు దాన్ని బయటికి... బయటికి తేలేకపోతే..."

గొంతు దానంతటదే సన్నబడింది.

"తేలేకపోతే?"

"తన్నినవాళ్లకు... ఒక పాయింటు."

"టీవీ బంద్ జేసినవ్ గని, మనోడు బాలు బయటికి తెచ్చిండా తేలేదా, చూసినవా?"

ఫోన్ తీసి చూశాను. ఇరవై అయిదు, ఇరవై నాలుగు. అదనపు ఆట లేదు, విరామమూ లేదు. నేను తప్పిందని గంతులేసిన తన్నుతోనే మేం ఓడిపోయాం. బకెట్ మోత ఆగింది. డేవిడ్ దాన్ని నెమ్మదిగా కింద పెట్టి, అది ఎవరిదో తనకు తెలియనట్టు దూరం జరిగాడు.

"ఓడిన్రా?" అంది యాదమ్మ. "పోనీ తియ్ బిడ్డా, అల్లం పడ్డది గద, తాగు."

ఇక్కడితో ఆగి ఉంటే నా కథ ఒక గోతితో ముగిసేది. కానీ నేను నియమం తప్పని మనిషిని కదా! రాయి మీదినుంచి దిగి, నిటారుగా హాస్టల్ వైపు నడిచాను. నర్సన్న వెనకే వచ్చాడు.

"తమ్మీ, జర ఆగు. నలభై నాలుగో నంబరు..."

"వద్దన్నా. మాటంటే మాటే."

రిజిస్టర్ తీశాను. 'ఇకపై శనివారాలన్నీ నర్సన్నగారి బృందానికి' అని రాయడం మొదలుపెట్టాను.

"అరే, పట్టిక జూడు ఒక్కసారి..."

"ఓదార్చకన్నా. ఓడితే బయటికి. ఎర్ర ఇంకుతో రాసుకున్నాం."

"నీ ఎర్ర ఇంకే తప్పురా భై..."

"అన్నా! నాకూ మర్యాద ఉంది!"

సంతకం పెట్టి, రిమోట్‌నూ, ఎనిమిది మడతల కేబుల్‌నూ ఆయన చేతిలో ఉంచి, గదికి వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాను. నోటీసు బోర్డు వైపు వారం రోజులు కన్నెత్తి చూడలేదు.

మళ్లీ శనివారం. తెల్లారి కామన్ రూములోంచి గోల వినిపించి మెలకువ వచ్చింది. కరెంట్ అఫైర్స్‌కు ఎవరైనా ఇంత కేకలు వేస్తారా? పక్క మంచం మీద డేవిడ్ లేడు. వెళ్లి తలుపు సందులోంచి చూశాను. టీవీ నిండా వంకాయ రంగు. ముందు వరసలో నర్సన్న, ఒళ్లో పుస్తకం తెరవకుండా.

"అన్నా, మీ క్లాసు?"

"పదింటికి రికార్డింగ్ పెడతరు తమ్మీ. గిదైతే లైవ్."

"ఎవరి మ్యాచ్ ఇది?"

"మనదే. నాకౌట్."

"ఓడిపోయాం కదా!"

"ఓడినం. ఓడి, పడమటి దిక్కు జట్లల్ల నాలుగోది అయినం. మనకు పదహారు పాయింట్లు. తూర్పు దిక్కు మూడోదానికి పద్నాలుగే. నలభై నాలుగో నంబరు: నాకౌట్‌కు దిక్కుకు మూడే జట్లు, గని ఒక దిక్కు నాలుగో జట్టుకు అవతలి దిక్కు మూడో జట్టు కంటే ఎక్కువ పాయింట్లుంటే, దాని సీటు దీనికి. నువ్వే రాసినవ్, అడుగున చీమల లెక్క. ఆ పాయింట్లు గూడ నువ్వే మార్కర్‌తోని వేసినవ్."

అంటే ఓడినరోజు ఊరేగింపు చేసి, నాకౌట్ చేరినరోజు టీవీ ధారపోశాను. రెండు రోజులూ ఒకటే రోజు.

"మరి ఆరోజే చెప్పొచ్చు కదన్నా!"

"చెప్పనిచ్చినవా? మూడు అటెంప్ట్‌లు జేసిన. మూడూ అడ్డం పడి ఆపినవ్. ఇగ బాలు తన్నేసి ఊకున్న."

గది గొల్లుమంది. నేను తల వంచుకుని అడిగాను. "మరి... నేను కూర్చోవచ్చా?"

నర్సన్న రిజిస్టర్ నా ముందుకు తోశాడు. "సంతకం పెట్టి కూసో. పది మంది గావాలె. డేవిడ్‌తోని తొమ్మిది మందిమే ఉన్నం."

పదో సంతకం పెట్టి కూర్చున్నాను. అప్పుడే మావాళ్లకు మూడో ప్రయత్నం వచ్చింది. వ్యాఖ్యాత తన్నేయడమే తెలివంటున్నాడు. నర్సన్న పళ్లు బిగించి, "తన్నకుండ్రిరా, తన్నకుండ్రి" అని గొణుగుతున్నాడు. వాళ్లు తన్నలేదు. తల ముందుకు పెట్టి దూకారు. ఈసారి గోడ జరిగింది, ఒక గజం.

ఆ ఒక గజం కోసం మా హాస్టల్లో పుట్టిన కేకకు యాదమ్మ గేటు దగ్గర్నుంచి చూడటానికి వచ్చింది. తర్వాత కొన్నాళ్లకు నర్సన్న మూడో పరీక్షకు వెళ్లేటప్పుడు మేమంతా గేటు దాకా వెళ్లి ఆ మాటే అన్నాం, "తన్నకన్నా!" ఆయన తన్నలేదు. ప్రిలిమ్స్ దాటాడు. మెయిన్స్‌కు చదువుతున్నాడు, శనివారాలు మినహా.

కనుక, మా కామన్ రూము టీవీ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట బంతి నేల మీద ఆగి, మనుషులు ఇళ్లకు పోయి, స్టేడియం దీపాలు ఆరేదాకా టీవీ ఆపను. నేను రాసిన నియమాలను ముందు నేను చదువుతాను. ముఖ్యంగా, ఎవరైనా "జర ఆగు" అంటే మూడోసారికల్లా ఆగుతాను. ఎందుకంటే ఈ ఆటలో నాలుగోసారి లేదు.