చేనే లేని కౌలు

ఈ ఉదయం పక్కింటి పిట్టగోడ మీద ఒక స్టీలు నీళ్ల బాటిల్ బోర్లించి ఉంది. మూత విడిగా ఆరుతోంది. అది మా హిందీ టీచర్‌ది. ఆమె నిద్రలోనే వెళ్లిపోయారు. నిన్న పెద్దకర్మ అయింది. నరసరావుపేట కాన్వెంటులో ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు మీలో చాలామంది ఉంటారు. మీకు ఆమె ఎర్ర సిరా, మెత్తటి గొంతు గుర్తుండవచ్చు. పక్కింట్లో పెరిగిన నాకు ఎక్కువగా గుర్తున్నది ఆమె పగ.

రిటైరయ్యాక ఆమె కోరుకున్నది ఒక్కటే. వెల్దుర్తి దాటి ఎరగని అక్కను ఏదైనా కొండ మీదికి తీసుకెళ్లి, కాళ్ల కింద మబ్బు చూపించాలని. వినుకొండలో బట్టల కొట్టు ఉన్న ఒకాయనకు హాలిడే క్లబ్బులో సభ్యత్వం ఉంది. క్లబ్బు ఏటా ఇచ్చే పాయింట్లతో దాని రిసార్టుల్లో ఉండవచ్చు. తను వాడుకోని పాయింట్లను ఆయన అద్దెకిచ్చేవాడు. టీచర్ డబ్బు ముందే ఇచ్చేశారు. అక్కకు స్వెట్టర్ కూడా అల్లారు. ప్రయాణానికి ముందే ఆ రిసార్టు మూతపడింది.

క్లబ్బు వాళ్లకు ఫోన్ చేస్తే, పాయింట్లు సభ్యుడి ఖాతాలో తిరిగి వేశామని, మీరెవరో మాకు తెలియదని అన్నారు. టీచర్ వినుకొండ బస్సెక్కారు. తోడు నేను.

"ఇది కౌలు లాంటిది టీచరమ్మా," అన్నాడాయన. "చేను కౌలుకు తీసుకున్నాక వాన పడకపోతే, ఆసామి కౌలు తిరిగిస్తాడా ఏంది?"

కొట్లో ఉన్న రైతులు తలలూపారు. మా వైపు ఆ మాటకు ఎదురు లేదు. టీచర్ మాత్రం తల అడ్డంగా ఊపారు.

"వాన పడకపోవడం కాదు నాయనా. అసలు చేనే లేదు. ఆ లేని చేను కూడా నీకు తిరిగొచ్చింది."

తలలు ఆగాయి. ఆయన నవ్వి సోడా తెప్పించాడు. ఆమె ముట్టలేదు. ఇవ్వాల్సినవాడి నీళ్లు తాగితే అడిగే నోరు చల్లబడుతుందని ఆమె నమ్మకం.

"కౌలు చేతికొచ్చాక తాగుతా," అన్నారు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆ బాటిల్ నింపుకొని వెళ్లి, కొట్టు ముందు బల్ల మీద కూర్చునేవారు. పెళ్లి బట్టలకు వచ్చినవాళ్లను పలకరించి, జరిగిందంతా మర్యాదగా చెప్పేవారు. అర్థం కాలేదంటే, వ్యాకరణం చెప్పినట్టే, మళ్లీ మొదటి నుంచి. కొన్ని పెళ్లి బేరాలు ఎదుటి కొట్టుకు వెళ్లిపోయాయి. అవి వెళ్తుంటే చూడటం నాకు ఎంత బాగుండేదో!

ఒకసారి ఎవరో ఫోన్‌లో ఫొటో చూపించారు. తిరిగొచ్చిన ఆ పాయింట్లతోనే ఆయన కుటుంబంతో మరో కొండెక్కాడు. ఆయన కాళ్ల కింద మబ్బు. టీచర్ చాలాసేపు చూశారు. మబ్బు బాగుందని ఫోన్ తిరిగిచ్చారు. ఆ ఆదివారం కొట్టు తెరవకముందే వెళ్లి కూర్చున్నాం.

రిటైరైన ఆమెను కాన్వెంటు మదర్ పిలిపించి, క్షమించేయమన్నారు.

"అడిగితే క్షమిస్తాను మదర్. ఆయన ఇంకా అడగలేదు."

నిన్న ఆయన వచ్చాడు. పెద్ద దండ తెచ్చి ఫొటోకు వేశాడు. మంచి మనిషని, కాకపోతే మొండితనం జాస్తి అని నలుగురితో అన్నాడు. టీచర్ అక్క ఆ స్వెట్టర్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బయట ఎండ మండిపోతోంది. ఆయన కుర్చీలో కూలబడి నా వైపు తిరిగాడు.

"ఏమే, కాసిని మంచినీళ్లు తే."

నేను లేవలేదు. పెద్దవాళ్ల ముందు నా గొంతు ఎప్పుడూ పెగలదు. నిన్న పెగిలింది.

"కౌలు చేతికొచ్చాక."

అందరూ విన్నారు. ఆయన ఎండిన నోటితోనే మెట్లు దిగాడు.

బాటిల్ ఆరింది. టీచర్ అక్కను అడిగి తెచ్చుకున్నాను. ఆదివారం నుంచి ఆ బల్ల మీద నేను కూర్చుంటాను.

ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు.