మావయ్య గొంతు తీసేసిన సినిమా

మావయ్య పోయాడని రైల్వే ఆసుపత్రి నుంచి అత్తయ్య ఫోన్ చేసేసరికి, బిలాస్‌పూర్ శివారు లాల్‌ఖదాన్‌లో మా ఇంట్లో కూర్చుని ఆయన తీసిన సినిమానే ఎడిటింగ్ చేస్తున్నాను. రెండు రోజులు ఏడ్చాను. ఇప్పుడు ఇది రాస్తుంటే మాత్రం నవ్వే వస్తోంది. ఏం చేయను, మనిషే అలాంటివాడు.

అమ్మకి తమ్ముడు. గూడ్సు బండి గార్డుగా చేసి రిటైరయ్యాడు. కట్నీ లైన్లో ఒక అడవి స్టేషన్ దగ్గర సిగ్నల్ లేక ఆయన బండి గంటలకొద్దీ ఆగిపోయేది. పక్కనున్న గోండుల ఊరివాళ్ళు మంచినీళ్ళు తెచ్చి కబుర్లు చెప్పేవారు. డ్యూటీలో కలిసిన ఆ స్నేహం కొద్దీ, రిటైరయ్యాక కెమెరా కొనుక్కుని తిన్నగా ఆ ఊరికే పోయాడు. మైకు పట్టుకోవడానికి, సంచులు మోయడానికి నేను.

మీరనుకునే సినిమాలు కావవి. ఇల్లు అలకడం, పిల్లకి జడ వేయడం, అత్తాకోడళ్ళు ఇప్పపూలు ఏరుతూ పోట్లాడుకోవడం, ఇవే ఆయన కథలు. మొదటిసారి వెళ్ళినప్పుడు బస్సు దిగుతూనే కెమెరా తీశాను.

"లోపల పెట్టే అమ్మీ. వచ్చీరాగానే అదేటి? ముందు ఇంటోళ్ళు పెట్టింది తిను. ముందు ఆలు నిన్ను సూడనీ, తరవాత నువ్వు ఆలని సూద్దువు గాని" అన్నాడు.

ఒకసారి ఓ పెళ్ళంతా తీసి, పిల్లని సాగనంపే ఘట్టం మాత్రం తీయలేదు. అదేమిటని నిలదీస్తే, "ఏటి తీస్తానే, నానూ ఆలతోపాటు నిలబడి ఏడుస్తన్నాను గదా" అన్నాడు. కోపం తెచ్చుకుందామన్నా నాకు రాలేదు.

ఆయనకి ఒకటే పట్టుదల. తీసిన సినిమాని ముందుగా ఆ ఊరు చూడాలి, వాళ్ళు సరే అంటేనే అది బయటికి వెళ్ళాలి. బడి గదిలో కిటికీలకి దుప్పట్లు కట్టి పట్టపగలే వేసేవాడు. ఎవరు ఏ ముక్క వద్దన్నా తీసేసేవాడు. ఈ ఆఖరి సినిమాకి ఊరి మాట రాకముందే పోయాడు. వాళ్ళు కాదంటే అది ఇక ఎవరూ చూడరు. పెద్దకర్మ అయ్యాక నేనొక్కదాన్నే పట్టుకెళ్ళాను.

నేనొక నిర్వాకం చేశాను, చెప్పాలి. మావయ్య కెమెరా వెనకనుంచి ఒకటే వాగుడు, సగం ఛత్తీస్‌గఢీ, సగం శ్రీకాకుళం. బిలాస్‌పూర్‌లో చూసినవాళ్ళు "ఆ గోలేమిటండీ" అనేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. అందుకని ఈసారి ఆయన గొంతు మొత్తం తీసేశాను. ఆసుపత్రి నుంచి రాగానే చూపిస్తే మురిసిపోతాడనుకున్నాను.

బడిలో సినిమా వేస్తే గదిలో ఒక్కరూ నవ్వలేదు. అయిపోయాక, అందులో ఎక్కువగా కనిపించే పెద్దావిడ లేచింది. దాయి అంటాం ఆవిడని, అమ్మ అన్నట్టు.

"బేటీ, నేనక్కడ ఎవరితో మాట్లాడుతున్నాను?" అని అడిగింది. "నవ్వుతున్నాను, జవాబులు చెబుతున్నాను, ఎదురుగా మనిషే లేడు. చూసినవాళ్ళు మా ఊరందరికీ పిచ్చెక్కిందనుకోరూ?"

అప్పుడు గదంతా నవ్వింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. "మీ మామని ఎక్కడ పెట్టావు?" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. తప్పయిందన్నాను. ఆ మనిషిని మళ్ళీ పెట్టి తీసుకురా, అప్పుడు చెబుతామన్నారు వాళ్ళు.

వారం రోజులు కూర్చుని ప్రతి "అచ్ఛా", ప్రతి "ఏటి", ఆఖరికి దగ్గు కూడా వదలకుండా తిరిగి అతికించాను. ఆ వారమంతా మావయ్య ఇంట్లో ఉన్నట్టే ఉంది. ఆ గొంతుకా నేను సిగ్గుపడ్డాను అనుకున్నాను.

రెండోసారి వేస్తే మొదటినుంచీ నవ్వులే. సగం సినిమాకే ఊరిపెద్ద నావైపు తిరిగి, సరే, అందరికీ చూపించుకో అన్నాడు. నా గుండెల మీది బరువు దిగింది.

ఆఖర్న కెమెరా దాయి వంటింట్లోకి వెళ్ళింది. ఇవాళ ఏం కూర వండావని, ఆ వచ్చీరాని ఛత్తీస్‌గఢీలో మావయ్య గొంతు అడిగింది. తెరమీద దాయి ఇంకా కుండ మూత తీయనేలేదు. నా పక్కన నేలమీద కూర్చున్న దాయి, తెరకేసి చూస్తూ, "ఇవాళ గుమ్మడికాయ. చేతులు కడుక్కుని రా" అంది.