గిన్నె అడుగు నాది

నిన్న ఇంటికి చుట్టాలొస్తే ఫాండ్యూ చేశాను. గిన్నెకు వెల్లుల్లి రుద్ది చీజు కరిగిస్తుంటే, ఆ వాసనకు సీతాఫల్‌మండిలోని మా పాత ఇల్లు గుర్తొచ్చి, చిన్నప్పటి కోపం మళ్లీ పొంగింది.

నాన్న పైఆఫీసరు భోజనానికొస్తున్నాడని, స్విట్జర్లాండ్ హోటల్లో పనిచేసొచ్చిన మా మామ ఈ వంటే చేశాడు. అందరూ బ్రెడ్డుముక్కలు ఫోర్కులకు గుచ్చి, కరిగిన చీజులో ముంచుకుని తిన్నారు. నేను ముట్టలేదు. మా ఇంట్లో పాలు కాచినా నెయ్యి కాచినా గిన్నె గోకేది నేనే. ఇక్కడా అడుగున మాడిందంతా నాదేనని కడుపు ఖాళీగా ఉంచుకుని కూర్చున్నాను.

చివరికి మామ ఆ ఎర్రటి చెక్కును గీకి ఆఫీసరు పళ్లెంలో పెట్టాడు.

"అసలు రుచి దీంట్లనే ఉంటది సార్, మీరే తినాలె."

"గది నాది!" అని అరిచాను.

"ఊకో బిడ్డా, సార్ తింటుండు గదా," అంది అమ్మ.

ఆయన కరకరా నమిలేశాడు. అంత పెద్దమనిషికి ఆ మాడుచెక్కే కావలసి వచ్చిందా!

అతిథికి ఆ చెక్కు పెట్టడం గొప్ప మర్యాదని పెద్దయ్యాక తెలిసింది. తెలిస్తే మాత్రం ఏం? నిన్న చీజు అయిపోగానే గిన్నె వంటింట్లోకి తీసుకుపోయి, తలుపేసుకుని, నిలబడే గోకాను.