ఏం పోసిన్రు?

మొన్న ఉప్పల్‌లో జామైన పైపు బాగుచేయడానికి వెళ్లి, ఒక ఇంటి స్నానాలగదిలో అడుగుపెట్టగానే యాసిడ్ ఘాటు ముక్కుకు తగిలింది. పైన ఫినాయిల్ చల్లారు గానీ నా ముక్కును మోసం చేయడం కష్టం. పైపులోకి దించాల్సిన స్ప్రింగు తీగ చేతిలోనే ఉండిపోయింది. మల్లేశన్న గుర్తొచ్చాడు.

నాచారంలో నేను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక, నన్ను వెంట తిప్పుకొని ఈ పని నేర్పినవాడు మల్లేశన్న. జనగామ వైపు మనిషి. నోరు ఊరుకునేది కాదు. చుట్టలు చుట్టిన ఆ తీగను "మా అత్త" అనేవాడు. "ఏ మూలకు దాసినా గుంజి బయటేస్తది రా," అని నవ్వేవాడు. పిడి తిప్పుతూ తీగను లోపలికి తోసి లాగితే జుట్టు ఉండలు, సబ్బు ముక్కలు, పిల్లల సాక్సులు వచ్చేవి. ఎవరింటికి వెళ్లినా ముందు "ఏం పోసిన్రు?" అని అడిగేవాడు. యాసిడ్ పోశామంటే ఆ రోజు తీగ దించేవాడే కాదు.

ఒకసారి నాచారంలోనే ఒక ఇంట్లో వంటగది సింకు నిండిపోయింది. ఇల్లాలి పక్కనే భర్త నిలబడి ఉన్నాడు. మల్లేశన్న అలవాటుగా అడిగాడు. ఆమె భర్త ముఖం చూసి, "ఏం పొయ్యలే అన్నా," అంది. మల్లేశన్న సింకు కిందికి వంగి తీగ లాగాడు. తీగ కొస బయటికొచ్చి విదిలించుకున్నప్పుడు ఎగిరిన చుక్కలు కళ్లలో పడ్డాయి. నేను నీళ్లు కొడుతూనే ఉన్నాను, ఆయన అరుస్తూనే ఉన్నాడు. అప్పుడు చెప్పిందామె, యాసిడ్ పోశానని. దవాఖానాలో ఎంత చేసినా రెండు కళ్లూ దక్కలేదు.

ఆమె మీద నాకు ఒళ్లు మండిపోయింది. "కేసు పెడదామన్నా," అన్నాను.

"ఎందుకు రా? యాసిడ్ పోస్తే పైపులు ఖరాబైతయని మొగడు వద్దన్నడంట. ఆయన ఎదురుంగ నేనే అడిగితి. ఆమె ఏం జెప్తది? నాకే అడుగుడు రాలే."

ఆ మాట చాలాకాలం నాకు మింగుడు పడలేదు. అద్దెగదిలో మంచం మీద కూర్చుని, ఒళ్లో తీగ పెట్టుకొని, దాని తుప్పును గోటితో గీకుతూ ఆయన బతుకు తెల్లారిపోయింది. నవ్వడం మానేశాడు. పోయిన వానాకాలంలో కన్నుమూశాడు.

ఉప్పల్ ఇంట్లోనూ ఇల్లాలి పక్కన భర్త ఉన్నాడు. "అన్నా, జర మీదికి వోయి ట్యాంకు వాల్వు బంద్ జేసి రా," అని పంపించాను. అతను మెట్లెక్కాక గొంతు తగ్గించి అడిగాను.

"ఏం పోసినవ్ చెల్లె?"

"యాసిడ్ అన్నా. ఆయనకు చెప్పకు."

తీగను సంచిలో పెట్టేశాను. భర్త కిందికి వచ్చి, భార్య వైపు చూస్తూ, "ఏమైంది? ఇది గిట్ల ఏమన్న పోసిందా?" అన్నాడు.

"ఏం పొయ్యలే అన్నా," అన్నాను. "తీగ ఖరాబైంది. రేపొస్త."