దీపం లేని మలుపులో వెలుగు

దయ్యాలు ఉన్నాయని నేను ఏనాడూ ఒప్పుకోలేదు. డెబ్బై దాటిన ఈ వయసులో కూడా ఒప్పుకోను. మా గద్వాలలో చీకటి సందు ప్రతిదానికీ ఒక దయ్యాన్ని కాపలా పెట్టి, ఆడవాళ్ళను ఇళ్ళలో కూర్చోబెట్టిన వాళ్ళను నేను చూశాను. దయ్యం ఉందని చెప్పడానికి ఖర్చేమీ లేదు. దీపం పెట్టాలంటే నూనె కావాలి.

అయినా నా కళ్ళతో నేను చూసిన సంగతి ఒకటి ఉంది. ఊళ్ళో దాన్ని ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకుంటున్నారు. కొందరు నన్నే దేవత పూనినదాన్ని చేశారు. మనవలు బడికి పోయే రోజుల్లో నేను అక్షరాలు నేర్చుకున్నాను. రాయడం వచ్చింది కనుక జరిగింది జరిగినట్టు నేనే రాసి పెడుతున్నాను.

ఇది పెద్ద యుద్ధానికి ముందు మాట. మాది మగ్గాల గేరి. వీధిని మా వైపు గేరి అంటారు. రెండు వైపులా సాలెవాళ్ళ ఇళ్ళు, గేరి చివర బావికి పోయే మలుపు, ఆ మలుపులో రెండు మూడు తురక ఇళ్ళు. మాకు గేరి అంటే నడిచే దారి మాత్రమే కాదు. తెల్లవారుజామున పడుగును, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులను, ఈ చివర నుంచి ఆ చివరకు లాగి కట్టి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వి ఆరబెట్టేది అక్కడే. ఎండ ముదిరితే గంజి బిరుసెక్కి పోగులు తెగుతాయి. అందుకని వెలుగు రాకముందే పని మొదలుపెట్టాలి.

ఆ ఏడాది స్టేషన్ నుంచి కోట వాకిలి దాకా బజారు రోడ్డు వెడల్పు చేశారు. కంకర పరిచి దిమ్మిస కొట్టారు. రెండు పక్కలా ఇనుప స్తంభాలు పాతి గాజు కందీళ్ళు తగిలించారు. వీపనగండ్ల వైపు నుంచి సంతకు వచ్చినవాళ్ళు పొద్దుగూకే దాకా ఆగి, దీపాలు వెలిగించడం చూసి గాని బండి కట్టేవారు కాదు. నేనూ ముచ్చటపడి చూశాను. నడుస్తుంటే నా కాలి వేళ్ళు నాకు కనిపించడం వింతగా ఉండేది.

వెడల్పు రోడ్డు మీద నాకు అప్పుడు కోపం లేదు, ఇప్పుడూ లేదు. ఊరు బాగుపడాలి. కాని ఆ దీపాలు మా గేరి మొదట్లోనే ఆగిపోయాయి. బండ్లు తిరగని సందుకు దీపమెందుకని కచేరీలో అన్నారట. అంటే దీపం బండికి గాని మనిషికి కాదు.

నా తోడికోడలు నర్సమ్మది అమరచింత. మా అత్తగారింట్లో నాకు పని నేర్పింది, నవ్వు నేర్పింది కూడా ఆమే. నేను అక్కా అని పిలిచేదాన్ని. బజారు దీపాలు చూసి ఇంటికొస్తూ ఒకసారి అంది:

"మన దిక్కు సూస్తె గా కందీళ్ళకు కండ్లు పోతయేమో చెల్లె. మెడ తిప్పకుంట నిలవడ్డయి."

బావి దారి మలుపులో ఒక పాత పాతర ఉండేది. ఎప్పుడో ధాన్యం దాచడానికి తవ్విన గొయ్యి. పైకప్పు కూలి నోరు తెరుచుకుని ఉండేది. పగలైతే పక్కకు తప్పుకుని పోయేవాళ్ళం. ఒక సాయంత్రం నీళ్ళు తెస్తూ నర్సక్క అందులో పడింది. తలకు రాయి తగిలింది. నెత్తి మీద బిందె, చంకలో బిందె, ఎదురుగా చీకటి. ఇంటికి తెచ్చేసరికి ప్రాణం లేదు.

దయ్యం తోసిందన్నారు. మా అత్త దీపాలు పెట్టే వేళ దాటాక కోడళ్ళు గడప దాటొద్దని కట్టడి చేసింది. నేను ఎదురు చెప్పలేదు గాని నాకు ఒళ్ళు మండిపోయింది. తోసింది ఎవరో నాకు తెలుసు. చీకటి తోసింది. ఆ చీకటిని అక్కడ ఉంచింది మనుషులు.

మా గేరి పెద్దమనిషి రామన్న నలుగురిని వెంటబెట్టుకుని దీపాల సంగతి చూసే దరోగా దగ్గరకు పోయాడు. మలుపులో ఒక్క కందీలు పెట్టించమని అడిగాడు. దరోగా చూద్దామన్నాడట.

నర్సక్క దినాలు ముగిశాక ఆ వెలుగు కనిపించింది.

మొదట చూసింది హుసేన్‌బీ. మలుపులో గోడవారగా ఉన్న ఇల్లు ఆమెది. భర్త ఖాదర్ స్టేషన్ దగ్గర జట్కా నడిపేవాడు. పొద్దుగూకినాక ఆమె మా దొడ్డి వైపు వచ్చి నన్ను పిలిచింది. మనిషి భయపడినట్టు లేదు, పరేషాన్‌గా ఉంది.

"లచ్చమ్మా, జర వచ్చి సూడు. నాకైతె సమజ్ గాలే. నా కండ్లే ఖరాబైనయో ఏందో."

అత్త కళ్ళుగప్పి వెళ్ళాను. అమావాస్య దగ్గర రోజులు. బజారు దీపాలు అంత దూరం రావు. పాతర పక్కన, సరిగ్గా నర్సక్క కాలు తప్పిన చోట, నేల మీద చాపంత వెలుగు ఉంది. మంట కాదు, మెరుపు కాదు. రాళ్ళు, మట్టి, ఒక ఎండిన వేపపుల్ల, అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. దాని అంచు దాటితే మళ్ళీ కటిక చీకటి.

ఎక్కడి నుంచి పడుతోందో చూద్దామని చెయ్యి అడ్డం పెట్టాను. నీడ పడలేదు. పక్క నుంచి పెట్టాను. పడలేదు. హుసేన్‌బీ ధైర్యం గల మనిషి. ఇంట్లోంచి గొంగడి తెచ్చి ఆ చోటంతా కప్పేసింది. మేమిద్దరం నేల మీద బోర్లా పడి, అంచు ఎత్తి లోపలికి చూశాము. గొంగడి కింద కూడా అంతే వెలుగు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. నూనె దీపం ముందు నలుపు పోగునూ ముదురు నీలి పోగునూ కలిపి పట్టుకోకూడదు. ఆ పచ్చటి వెలుగులో రెండూ నలుపే. మా ఇంట్లోనే ఒకసారి దీపం దగ్గర అతికిన నల్లంచులో నీలి పోగు దూరి, తెల్లారి చూసి తల పట్టుకున్నాము. పగటి వెలుగులో గాని వాటి తేడా తెలియదు. నా కొంగున ఎప్పుడూ పోగుల ముక్కలు ముడివేసి ఉండేవి. ఒక నలుపు, ఒక నీలం తీసి ఆ వెలుగులో పట్టాను.

నలుపు నలుపుగా ఉంది. నీలం నీలంగా ఉంది.

అది పగటి వెలుగు. చుట్టూ రాత్రి, ఆ చాపంత చోట పగలు. హుసేన్‌బీకి కూడా చూపించాను. ఆమె అల్లా పేరు తలచుకుంది గాని వెనక్కి జరగలేదు.

చాలా ఏళ్ళ తర్వాత నాగర్‌కర్నూల్‌లో ఒక పంతులుగారికి ఇదంతా చెబితే, పాతరలో కుళ్ళిన గింజలు అలా మెరుస్తాయని అన్నాడు. కావచ్చు. కాని కుళ్ళిన గింజల మెరుపులో నీలి పోగు నీలంగా కనిపిస్తుందా అని అడిగాను. ఆయన నవ్వాడు. అది జవాబు కాదు.

నాలుగు రోజుల్లో ఈ సంగతి గేరి అంతా పాకిపోయింది. ప్రతి సాయంత్రం అది వచ్చేది, తెల్లవారేసరికి పగటి వెలుగులో కలిసిపోయేది. జనం పసుపు, కుంకుమ, టెంకాయలు తెచ్చారు. నర్సమ్మ తిరిగి వచ్చిందన్నారు. మా బావ, నర్సక్క భర్త, మగ్గం దిగగానే పోయి దాని పక్కన మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేవాడు. అన్నానికి పిలిచినా లేచేవాడు కాదు.

రామన్న మళ్ళీ దరోగా దగ్గరకు పోయాడు. ఈసారి సంతోషంగా తిరిగొచ్చి మా అరుగు మీద కూర్చుని చెప్పాడు.

"దరోగా సాబు మంచిమాటే అన్నడు. మీకు దేవుడే దీపం పెట్టిండు, ఇగ నేనేం పెట్టాలె అన్నడు. ఆడ పూజకు గద్దె గట్టుకోనీకి సెలవిచ్చిండు."

"కందీలు సంగతి?" అని మా ఆయన అడిగాడు.

"ఇంకా కందీలేందిరా? దేవుడిచ్చిన దాని మీద గ్యాసునూనె దీపం పెడితె అపచారం గాదు?"

నేను లోపల కండెలు చుడుతున్నాను. అందరూ తలలూపుతున్నారు. బావ కూడా ఊపుతున్నాడు. ఆ కాలంలో మరదలు బావ ఎదుట నోరెత్తకూడదు. నేను గడప దగ్గరకు వచ్చి నిలబడి, గోడను చూస్తూ అన్నాను.

"పెద్దయ్యా, రేపు ఆ వెలుగు రాకపోతె ఎవర్ని అడుగుదం? కందీలు ఆరిపోతె దరోగాను అడగొచ్చు. ఎందుకు ఆర్పినవని కొట్లాడొచ్చు. దీన్ని ఎవర్ని అడగాలె?"

"ఓహో, పుల్లారెడ్డి కచేరిల వకీలు లెక్క మాట్లాడవడితివి," అంది మా అత్త. ఆమెకు కోర్టు గొడవ చెప్పడానికి ఎప్పుడూ ఆ పేరే. అలాంటి మనిషి ఎవరూ లేరు.

"మాట్లాడనీ అత్తా. అక్క ఈ ఇంట్ల పొద్దుగాల లేసిన కాడికెల్లి పండేదాక చాకిరి చేసింది. సచ్చినంక కూడ పొద్దుగూకంగనె వచ్చి గేరికి దీపమై నిలవడాల్నా? బతికినన్నొద్దులు ఆమెకు ఒక్కలు దీపం పెట్టలే."

బావ లేచి మగ్గం గుంట దగ్గరకు పోయాడు.

తెల్లవారుజామున కోడి కూసేసరికి బావ వాకిట్లో ఉన్నాడు. భుజం మీద పడుగు చుట్ట. ఆ నూలు నర్సక్క చుట్టింది. ఆయన నా వైపు చూడకుండా మా ఆయనతో అన్నాడు.

"గంజి కుండ పట్టుకో తమ్మీ. ఇయ్యాల గేరిల వద్దు. బజారుకు పోదం."

మాటలు అక్కర్లేకుండానే అందరికీ అర్థమైంది. నేను మేకులు, తాళ్ళు పట్టుకున్నాను. పక్క ఇళ్ళ ఆడవాళ్ళు కుంచెలు తీసుకుని వెంట నడిచారు. కోట వాకిలి ముందు కొత్త రోడ్డు మీద, కందీళ్ళు ఇంకా వెలుగుతుండగా, రోడ్డుకు అడ్డంగా ఒక స్తంభం నుంచి ఎదుటి స్తంభానికి, అక్కడి నుంచి ఏటవాలుగా మళ్ళీ ఇంకో స్తంభానికి పడుగు లాగి కట్టాము. గంజి పట్టించి దువ్వడం మొదలుపెట్టాము.

లాగి కట్టిన పడుగును మా ఊళ్ళో ఎవరూ దాటరు. తొక్కరు. అన్నం పళ్ళేన్ని ఎలా దాటరో అలా. ఏ మతం వాళ్ళకైనా ఆ మర్యాద తెలుసు.

మొదట వచ్చింది ఖాదర్ జట్కా, రైలు దిగిన ఎవరో ఆఫీసరును ఎక్కించుకుని. ఖాదర్ కళ్ళెం బిగించి, కాలు మీద కాలేసుకుని బీడీ ముట్టించాడు. ఆఫీసరు కసిరితే అన్నాడు:

"నా గుర్రం మంచి ఇంట్ల పెరిగింది సాబ్. పడుగు దాటదు."

కాసేపటికి వెనక బండ్లు బారులు తీరాయి. దరోగా పరుగున వచ్చాడు. తలపాగా సరిగా చుట్టుకోనే లేదు.

"రాస్తా బంద్ జేసిండ్రేంది? ఎవరిది ఈ పడుగు?"

మగవాళ్ళు దువ్వుతూనే ఉన్నారు. నేనే చెప్పాను.

"నర్సమ్మది దొరా."

"మీ గేరిల కట్టుకోరాదు?"

"మా గేరిల చీకటి. పోగు తెగితె కనవడదు. మీరు మంచిగ ఈడ కందీళ్ళు పెట్టిండ్రు."

"మీకు దేవుడు దీపం పెట్టిండంటిరి గద?"

"పెట్టిండు. నేను సూసిన, కాదంటలేను. దేవుని పని దేవుడు చేసిండు. మీ పని మీరు చెయ్యుండ్రి."

వెనక ఎవరో నవ్వారు. దరోగా ముఖం ఎర్రబడింది. వెంటనే తీసెయ్యమని అరిచాడు. అప్పుడు రామన్న ముందుకొచ్చాడు. గద్దె కట్టిద్దామన్న మనిషి. నా మీద ఇంకా చిరాగ్గానే ఉన్నాడు.

"తడి మీద లేపితె పడుగు సస్తది సాబ్. ఆరేదాక ఆగాలె. రేపు ఇంకో ఇంటోళ్ళది ఉంది. ఎల్లుండి నాది."

ఎండ వచ్చి పడుగు ఆరేదాకా ఆ రోడ్డు మీద ఒక్క చక్రం కదల్లేదు. ఆ వారంలోనే పాతరను రాళ్ళతో పూడ్చారు. హుసేన్‌బీ ఇంటి గోడకు ఇనుప కొక్కెం దిగ్గొట్టి కందీలు తగిలించారు.

వెలిగించిన తొలి సాయంత్రం గేరి అంతా మలుపులో గుమిగూడింది. పచ్చటి నూనె వెలుగు గోడల మీద, పూడ్చిన రాళ్ళ మీద పరుచుకుంది. ఆ కింద పాత వెలుగు ఉందో లేదో తెలియడం లేదు. అందరికీ అదే ఆత్రం. ఒక్క క్షణం ఆర్పి చూద్దామని రామన్న అన్నాడు. కందీళ్ళు వెలిగించే దీపాలతను నిచ్చెన మీద నుంచి చెయ్యి చాపాడు. నా మనసు కూడా చూడాలనే అంది. అబద్ధమెందుకు చెప్పాలి.

బావ నిచ్చెన మొదట్లో చెయ్యి పెట్టి ఆపాడు.

"ఆర్పకు. ఆమెను పండనియ్యి," అన్నాడు.

దీపాలతను దిగిపోయాడు.

ఆ తర్వాత ఏ రాత్రీ ఆ మలుపు చీకటిగా ఉండకుండా మేము చూసుకున్నాము. యుద్ధం రోజుల్లో గ్యాసునూనె, అంటే కిరసనాయిలు, దొరకక బజారు దీపాలు ఆరిపోయినప్పుడు కూడా ఇంటికింత ఆముదం వేసుకుని ఆ ఒక్క కందీలు నిలబెట్టాము. అందుకే ఆ వెలుగు పోయిందో, ఇంకా అక్కడే ఉందో ఎవరికీ తెలియదు. అది ఏమిటో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. దయ్యమని ఎవరైనా అంటే మాత్రం నేను ఊరుకోను.

ఇప్పుడు అక్కడ కరెంటు స్తంభం ఉంది. కరెంటు పోయినప్పుడు కుర్రవాళ్ళు ఆ వెలుగు చూద్దామని మలుపులోకి పరుగెత్తబోతారు. నేను కర్ర అడ్డం పెట్టి ముందు లాంతరు వెలిగిస్తాను. తర్వాత కరెంటు ఆఫీసుకు మనిషిని పంపిస్తాను.