చెన్నైలో దొరికిన విముక్తి

ముందే చెప్తున్నాను, ఈ సంగతి మా ఆవిడ చెవిన పడిందా, నా పని ఖాళీ! మొన్న చెన్నైలో నా నాటకానికి హాలు హాలంతా లేచింది. నిజం, ఒట్టు! అయినా ఆ మాట ఎక్కడా చెప్పుకోలేను. టీ పొయ్యండి, చెప్తాను.

మీకు తెలుసుగా, నాది మామూలు నాటకం కాదు. ప్రయోగం! 'కుర్చీ' అని మ్యూజికల్. మా ఆవిడ భారతి పాటలు కట్టి, తను పాడి, అందరి చేతా పాడిస్తుంది. జనం వచ్చేది ఆ పాటల కోసమేనని గిట్టనివాళ్ళు అంటారు. గిట్టనివాళ్ళలో భారతి కూడా ఉంది. నా గొప్పంతా క్లైమాక్సులో ఉంది. పాట టక్కున ఆగుతుంది. భారతితో సహా నటులందరూ జనానికి వీపు పెట్టి నిలబడిపోతారు. శేషాచారి గారు కళ్ళు మూసుకుని ఒట్టి మృదంగం వాయిస్తారు, పద్నాలుగు నిమిషాలు. ఆ నాదానికి తట్టుకోలేక ప్రేక్షకుడు తన కుర్చీలోంచి తనే లేవాలి. ఎవరూ చెప్పకుండా! దానికి నేను పెట్టుకున్న పేరు 'విముక్తి'.

ఆరేళ్ళుగా ఎవడికీ విముక్తి కలగలేదు. హైదరాబాదులో నిద్రపోయారు. విజయవాడలో ఫోన్లు చూసుకున్నారు. వైజాగ్‌లో ఒకాయన లేచాడు, ఫోనొచ్చి. ఆయన్ని చూపించి 'వైజాగ్‌లో స్పందన మొదలైంది' అని ఫేస్‌బుక్‌లో పెట్టుకున్నాను. సిగ్గు లేదా అంటే ఏం చెప్పను, ఆర్టిస్టుని!

చివరికి భారతి తెగేసి చెప్పింది. "చెన్నైలో కూడా ఒక్కరు లేవకపోతే ఆ మృదంగం సీను తీసేసి నా పాట పెడుతున్నాం. సంతకం పెట్టండి." స్క్రిప్టు వెనకాల పెట్టాను. ఆ సీను పోతే నాకిక మిగిలేదేముంది? భారతి పాటల మధ్య కుర్చీలు అటూ ఇటూ జరుపుకోవడమే!

చెన్నై మాధవరంలో బస్సు దిగేసరికి, మమ్మల్ని పిలిచిన సంగీత సభ సెక్రటరీ కన్నయ్య గారు వ్యాన్ తీసుకుని స్వయంగా వచ్చారు. పాత చెన్నైలో ఇత్తడి సామాన్ల హోల్‌సేల్ కొట్టు ఆయనది. సభ్యులంతా తరాలుగా అక్కడే ఉన్న తెలుగు వ్యాపారస్తులు. ఏళ్ళ తరబడి కచేరీలు వింటున్నవాళ్ళే గానీ, నాటకాన్ని పిలవడం ఇదే మొదలట. దారంతా నా ప్రయోగం గురించి దంచాను. ఆయన ఒక్కచోట మాత్రం చెవి రిక్కించారు.

"ఒట్టి మృదంగమా? పాట ఉండదా?"

"ఉండదండీ. అదే కదా ప్రయోగం!"

"ఎంతసేపు?"

"పద్నాలుగు నిమిషాలు. ఏడూ ముప్పావుకి మొదలవుతుంది."

వెంటనే ఫోన్ తీశారు. "మణీ! ఏడూ ముక్కాలుకి అంతా రెడీగా ఉండాలప్పా. లేటు చేసినావో, జనం నన్ను తిడతారు."

లైట్లతనికి కాబోలు అనుకున్నాను. ఎంత శ్రద్ధ! హైదరాబాదులో ఆ సీను ఎన్నింటికని అడిగినవాడే లేడు.

సాయంత్రం హాలు నిండింది. ఏడూ ముప్పావుకి పాట ఆగింది. నటులు వీపులు తిప్పారు. మృదంగం మోగింది. మొదటి వరసలో ఒక పెద్దాయన కండువా సర్దుకుని... లేచాడు! ఆయనతో పాటు భార్య. ఆ వెనక వరస. ఆ పక్క వరస! ఒకళ్ళనొకళ్ళు పిలుచుకోలేదు, సైగ చేసుకోలేదు. మొత్తం హాలు! నేను పక్కన తెర పట్టుకుని ఏడ్చేశాను. ఆరేళ్ళండీ!

నేను రాసుకున్న ప్రకారమైతే లేచి అక్కడే నిలబడాలి. వీళ్ళు పక్క తలుపు వైపు నడుస్తున్నారు! ఓహో, కుర్చీనే కాదు, హాలునే వదిలేస్తున్నారు, నా సిద్ధాంతాన్ని నాకన్నా ముందుకు తీసుకెళ్తున్నారు అనుకున్నాను. పరిగెత్తుకెళ్ళి తలుపులు బార్లా తెరిచి, "రండి! బయటికి రండి!" అని చేతులు చాచి నిలబడ్డాను. ఒక అవ్వ నా చెయ్యి పట్టుకుని మెట్టు దిగి, "ఈ వాచ్‌మన్ మంచోడుగా ఉండాడే" అంది పక్కావిడతో. అప్పటికీ నాకు వెలగలేదు!

వాళ్ళ వెనకే వెళ్ళాను. మూల తిరిగితే ఏముంది? పొడుగాటి క్యూ. దాని చివర పొయ్యి, పొయ్యి మీద మూకుడు, మూకుడు ముందు చెమటలు కక్కుతూ క్యాంటీన్ మణి.

కన్నయ్య గారు ప్లేటుతో ఎదురొచ్చారు. "రండి సార్! వాయించే ఆయన్ని నిదానంగా కానీమని చెప్పండి. రెండో వాయి ఇంకా నూనెలోనే ఉండాది."

"వీళ్ళంతా ఎందుకు లేచారండీ?" అన్నాను.

"ఏంది సార్ అట్లా అడుగుతారు! కచేరీలో పాట ఆగి మృదంగం ఒకటే మొదలైతే అందరం క్యాంటీనుకే కదా పోయేది. మా తాత నాటి నించీ ఈడ అంతే. నాటకంలో ఆ గ్యాప్ ఉంటాదో ఉండదో అని భయపడ్డా. మీరు చెప్పినాక నిమ్మళమైంది."

నా చేతిలో అరటికాయ బజ్జీ పెట్టారు. ఏం చేస్తాను? తిన్నాను. బాగుంది కూడా, అదింకా బాధ!

లోపల వాయింపు జోరందుకుంది. అవ్వ చెవి అటు పడేసి, "పదండి, ముగింపుకొచ్చినాడు" అంది. అంతే, క్యూ మాయం. శేషాచారి గారు ఆఖరి దెబ్బ కొట్టి కళ్ళు తెరిచేసరికి, నటులు ఇటు తిరిగేసరికి, హాలు నిండా జనం. మూతులు తుడుచుకుంటూ, బుద్ధిగా.

నాటకం అయ్యాక తెర వెనక భారతి నా దగ్గరికొచ్చింది. "ఒక్కరూ లేవలేదు. చూశారుగా?"

లేచారు అనబోయాను. లేచి ఎక్కడికి వెళ్ళారంటే? చూశానన్నాను.

ఇంతలో కన్నయ్య గారు స్టేజీ మీద మైకు పట్టుకున్నారు. "మిగతా కథ మాకు పెద్దగా తెలియలా. ఆ మృదంగం మటుకు తీయొద్దండి! పద్నాలుగు నిమిషాలు చాల్లేదు. వచ్చే ఏడు అర్ధగంట ఉంచండి!" హాలంతా చప్పట్లు. అందరికన్నా గట్టిగా కొట్టింది మణి.

భారతి కళ్ళలో నీళ్ళు! "నేనే పొరబడ్డానండీ. కదలకుండా కూర్చుని విన్నారు. ఇంతటి రసికుల్ని నేనెక్కడా చూడలేదు" అని సంతకం పెట్టిన కాగితం తనే చింపేసింది. పాపం, దాంతో పాటే తన పాటా పోయింది. నోరు విప్పానా? విప్పలేదు.

ఇప్పుడు కొత్త పోస్టర్ రాయించింది. 'చెన్నైలో ఒక్క ప్రేక్షకుడూ కుర్చీ వదలని నాటకం!' జనం కుర్చీ వదలాలని ఆరేళ్ళు తపించినవాణ్ణి నేను. ఒకే ఒక్కసారి వదిలారు, అది దాచుకుని తిరుగుతున్నాను! నిన్న భారతి అడిగింది, దాని కింద మీ పేరు ఏ సైజులో వేయించమంటారని.

కాస్త పెద్దగానే వేయించమన్నాను.