మెట్లు దిగిన చెప్పులు

మా మేనత్త పోయింది. పొద్దున్నే పంజాగుట్ట ఆస్పత్రి నుంచి మామ ఫోన్ చేసి, "అత్త పోయింది బిడ్డా" అన్నాడు. "సరే మామా" అన్నాను. పొయ్యి మీదున్న ఉప్మా అడుగంటకుండా కలిపి, పిల్లల డబ్బాల్లో సర్దాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు.

అమీర్‌పేటలో వాళ్ళది లిఫ్టు లేని బిల్డింగు, రెండో అంతస్తు. ఎర్రమంజిల్ ఆఫీసుకు ఏళ్ళ తరబడి నడిచే వెళ్ళిన మనిషి, మోకాళ్ళు అరిగాక మెట్లు దిగడం మానేసింది. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. ఫోన్‌లో చూసి, ఫోటోలతో వస్తువులను నడిపించడం నేర్చుకుంది. వస్తువును పెట్టి ఒక ఫోటో, కాస్త జరిపి ఇంకో ఫోటో. అన్నీ వరసగా పేర్చి వేగంగా ఆడిస్తే అది దానంతటదే నడుస్తుంది. మొదటి వీడియోలో బెండకాయలు వంటింటి గట్టు మీద బారులు తీరి గిన్నెలోకి దిగాయి. అది పూర్తయ్యేసరికి బెండకాయలు వడలిపోయాయి. ఆ పూట మామ పచ్చిపులుసుతో సరిపెట్టుకున్నాడు.

తర్వాత తన చెప్పుల మీద పడింది. "నేను దిగకుంటే ఏమాయె, నా చెప్పులు దిగుతయ్. గేటు దాకా పోతయ్" అన్నది.

ఆదివారాలు నేను వెళ్ళేదాన్ని. స్టూలు మీద ఫోన్‌ను కందిపప్పు డబ్బాకు ఆనించి, ఆమె గుమ్మంలో కుర్చీ వేసుకునేది. ఫోటో నొక్కడం ఆమె పని, మెట్ల మీద చెప్పులు జరపడం నా పని. కొంచెం ఎక్కువ జరిపానా, వెనక నుంచి గొంతు వచ్చేది: "గంత జరిపితే దుంకుతయ్, నడువయ్." మూడో అంతస్తులో ఉండే గుంటూరాయన కూరగాయల సంచితో వచ్చి, ఏంటండీ ఇది అంటూనే గోడకు ఆనుకుని నిలబడేవారు. ఆ మెట్టు ఫోటోలు అయ్యేదాకా ఆయనకు దారి లేదు. ఒకసారి బీరకాయలు కింద పెట్టేసి, ఎడమ చెప్పు కాస్త వంకరగా ఉందని ఆయనే చెప్పారు.

నేను విసుక్కుంటే అత్త నవ్వేది. "ఊకె ఉండుడు సుత పనే కోడలా." ఆఫీసూ పిల్లలూ అంటూ పరుగెత్తే నన్ను ఒకచోట కూర్చోబెట్టింది ఆమె ఒక్కతే. ఆ ఆదివారాలు నాకు ఎంత బాగుండేవో ఆమెకు చెప్పలేదు. మేనత్తలకు అలాంటివి ఎవరు చెబుతారు?

చెప్పులు మొదటి అంతస్తు దాకా వచ్చాక ఆమె ఆస్పత్రిలో చేరింది. అక్కడ మంచం మీది నుంచే ఆ వీడియో చూసి, "గాడ్నే ఆగినయేంది? గేటు దాటియ్యి" అన్నది. నాతో అన్న ఆఖరి మాట అదే.

పోయినవాళ్ళ చెప్పులు ఇంట్లో ఉంచొద్దని పెద్దవాళ్ళు అన్నారు. మర్నాడు పొద్దున మామ వాటిని సంచిలో వేస్తుంటే ఒక్క పూట ఆగమన్నాను. ఎందుకని అడగలేదు, తనే స్టూలు మోసుకొచ్చాడు. మొదటి అంతస్తు నుంచి మామ వంగి చెప్పులు జరుపుతుంటే, నేను ఫోటోలు తీశాను. పరామర్శకు వచ్చినవాళ్ళు మమ్మల్ని తప్పుకుంటూ పైకి వెళ్ళారు. ఏమనుకున్నారో తెలియదు. నాకేమీ అనిపించలేదు. వేలు నొక్కుతూ పోయింది, అంతే.

చెప్పులు గేటు దాటాయి. మామ వాటిని తీసి, సంచిలో వేసుకుని, రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. ఫోన్ స్టూలు మీదే ఉంది. నేను ఇంకొక్కసారి నొక్కాను.

ఇంటికొచ్చి ఫోటోలన్నీ పేర్చాను. చివరిది ఖాళీ నేల. ఒక్క ఫోటో అయితే రెప్పపాటులో పోతుంది, వీడియో అయిపోతుంది. కాసేపు నిలవాలంటే అదే ఫోటోను మళ్ళీ మళ్ళీ పెట్టాలి. పెడుతూ కూర్చున్నాను. గేటు బయట సిమెంటు నేల, దాని మీద పొద్దుటి ఎండ. ఇంకోసారి. ఇంకోసారి.